గాజుపెట్టెలో సముద్రం

"అమెరికాలో ఆరునెలలుండి వచ్చారు, అక్కడి విశేషాలు రాయరేం?" అని చాలామంది సోదరీమణులు నిష్ఠూరంగా వుత్తరాలు రాస్తున్నారు. ఆకాశాన్నంటే మేడలను గురించీ, మోకాలిలోతు మంచును గురించీ రాసేవాళ్లకు కొదవలేదు. నేను చూసిన అమెరికా ముప్పాతికవంతు మా అమ్మాయి యింటి ముందుగదిలో, మూడడుగుల గాజుపెట్టె యెదుట గడిచిపోయింది. అంచేత దాన్ని గురించే రాస్తాను. అందులో నేను చేసిన తప్పు కూడా వొకటి వుంది.

2024 సెప్టెంబరులో నేను న్యూజెర్సీలోని ఎడిసన్ చేరేసరికి ఆ పెట్టె పెట్టి మూడునెలలయింది. పెట్టినవాడు మా మనవడు. వాడికి పదమూడేళ్లు. రెండు పుట్టినరోజులకు వచ్చిన డబ్బు దాచుకుని, వాళ్ల నాన్నను యేడాదిపాటు బతిమాలి, 40 గాలన్లు, అంటే మన లెక్కన 150 లీటర్లు పట్టే పెట్టె తెచ్చుకున్నాడు. అందులో వున్నది మంచినీళ్లూ బంగారుచేపలూ కాదు. ఉప్పునీరు, రాళ్లు, ఆ రాళ్లమీద ప్రాణమున్న పగడాలు. పగడమంటే నల్లపూసల మధ్య గుచ్చుకునేదే అనుకున్నాను యిన్నాళ్లూ. అది వేరే జాతిదట. వీడి పెట్టెలోవి పువ్వుల్లా విచ్చుకుంటాయి, ముట్టుకోబోతే ముడుచుకుంటాయి. వాటి వొంట్లో కంటికి కనపడని నాచుజీవులు కాపురముంటాయి. అవి వెలుతురులో ఆహారం తయారుచేసుకుని అందులో సింహభాగం యింటివాళ్లకే యిస్తాయి. అద్దెకున్నవాళ్లే యింటివాళ్లకు వండిపెట్టడమన్నమాట!

చేపలు మూడే. నారింజరంగు మీద తెల్లపట్టీలున్న క్లౌన్ చేపలు రెండు, యిసుకలో గుంట చేసుకుని కూర్చునే గోబీ చేప ఒకటి. క్లౌన్ చేపలు పుట్టినప్పుడు అన్నీ మగవేనట. జంటలో పెద్దదై పెత్తనం చేసేది ఆడదిగా మారుతుందట. "మన యింట్లో పద్ధతే, అత్తయ్యగారూ" అన్నాడు మా అల్లుడు. మనవడు వాటికేవో యింగ్లీషు పేర్లు పెట్టుకున్నాడు. నాకు నోరు తిరగక, పెద్దదాన్ని బుచ్చమ్మ అనీ, చిన్నదాన్ని బుచ్చయ్య అనీ పిలిచేదాన్ని.

మొదట్లో వాడు చెప్పేవి వింటుంటే నాకు నవ్వొచ్చేది. యిదంతా మన వంటింటి విద్యే! పెట్టెలో నీళ్లు ఆవిరైతే ఉప్పునీరు పొయ్యకూడదు, వుత్త నీళ్లే పొయ్యాలి అన్నాడు. పులుసు మరిగితే ఉప్పెక్కుతుందని తెలియని ఆడది యెక్కడుంది? నీరు పోతుంది గాని ఉప్పు పోదు. లీటరుకు 35 గ్రాములుండవలసిన ఉప్పు నలభైకి పోతే పగడం వుండలేదు. పోసే నీళ్లు కూడా కుళాయివి కాదు, ప్రత్యేకమైన వడపోత పట్టినవి. కుళాయి నీళ్లు మనకు మంచివే. కాని చాలా వూళ్లలో సీసపు గొట్టాలు తినెయ్యకుండా ఆ నీళ్లలో ఫాస్ఫేటు కలుపుతారట. మనకది యేమీ చెయ్యదు గాని నాచుకు మాత్రం విందుభోజనం.

"కొత్త పెట్టెలో చేపల్ని వెంటనే వెయ్యకూడదు, అమ్మమ్మా. ముందు బాక్టీరియా పెరగాలి" అన్నాడు. చేప వూపిరితో పాటు మొప్పల్లోంచి అమ్మోనియా వదులుతుంది. అది విషం. ఒకరకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. అదీ విషమే. మరొకరకం దాన్ని నైట్రేటుగా మారుస్తుంది. యిది కొద్దిగా వుంటే ప్రమాదం లేదు. యీ బాక్టీరియా అంతా రాళ్ల గుల్లల్లో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. పాత పెట్టెలోంచి చిన్న రాయి తెచ్చివేస్తే తొందరగా పెరుగుతుందట. "దాన్ని తోడు వెయ్యడమంటారురా, నాన్నా!" అన్నాను. వాడికా మాట యెంతో నచ్చింది. తన నోటుబుక్కులో 'తోడు' అని యింగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడు.

మొదటి నెలలో రాళ్లకూ గాజుకూ గోధుమరంగు పొడి పట్టిందట. డయాటమ్‌లనే నాచు అది. నీటిలోని సిలికాతో పెంకు కట్టుకుంటుంది. సిలికా అయిపోతే చాలావరకు తనంతట తనే పోతుంది. నత్తలు కూడా నాకేస్తాయి. వాళ్ల భాషలో దీన్నంతా పెట్టెకు 'వికారపు దశ' అంటారు. మొదటి యేడాదిలో యేదో ఒక నాచు రాక తప్పదు. నిండుగా కాపురం కుదిరిన రాతిమీద నాచుకు చోటుండదు. ఖాళీ రాతిమీదికి ముందుగా వచ్చి కూర్చునేది నాచే.

యిక నా తప్పు సంగతి. పొద్దున్న యెనిమిదయ్యేసరికి అమ్మాయీ, అల్లుడూ ఆఫీసులకు, మనవడు బడికి వెళ్లిపోయేవారు. సాయంత్రం నాలుగుదాకా ఆ యింట్లో నేనూ, గడియారం. వీధిలోకి చూస్తే మనిషి కనపడడు. నేను లేచి గాజు దగ్గరకు వెళితే మాత్రం బుచ్చమ్మా, బుచ్చయ్యా పరుగెత్తుకొచ్చి మూతులు ఆనించేవి. పగలంతా నా అడుగుల చప్పుడుకు కదిలి వచ్చే ప్రాణులు ఆ రెండే. రోజుకు ఒక్క చిటికెడు మేత వెయ్యమని మనవడు నియమం పెట్టుకున్నాడు. బడికి వెళ్లేముందు వాడే వేసేవాడు. కాని ఆకలితో చూస్తున్న ప్రాణికి పెట్టకుండా వుండడం నా చేతనవుతుందా? పూజ అయ్యాక చిటికెడు, భోజనమయ్యాక చిటికెడు, మూడింటికి టీ తాగేటప్పుడు మరో చిటికెడు వేసేదాన్ని. యెవరికీ చెప్పలేదు. దాచాలని కాదు. చెప్పవలసినంత విషయమని తోచలేదు.

అక్టోబరు నడిచేసరికి రాళ్లమీద పచ్చటి వెంట్రుకలు మొలిచాయి. వారం తిరిగేసరికి అంగుళం పొడుగు. గోబీ చేప గుంట కనపడలేదు. పగడాల పక్కనుంచి పాకి, వాటి మొహాల మీద పడింది నాచు. మనవడు రోజూ చెయ్యిపెట్టి పీకేవాడు. పీకిన చోటనే మళ్లీ వచ్చేది.

విచిత్రమేమిటంటే, నీళ్లు పరీక్ష చేస్తే అన్నీ సరిగానే వుండేవి. నైట్రేటు 5, ఫాస్ఫేటు 0.04. వాడి పుస్తకాల ప్రకారం బ్రహ్మాండమైన అంకెలు. "రాతిమీద యింత వుంది, నీళ్లలో లేదేం?" అని వాడు బుర్ర గోక్కునేవాడు. తరవాత తెలిసింది. నీళ్లలో కనపడేది మిగులు మాత్రమే. పుట్టినదాన్ని పుట్టినట్టే నాచు మింగేస్తుంటే పరీక్షలో యేం కనబడుతుంది? నెలాఖరుకు పర్సులో పది రూపాయలే వున్నాయంటే ఆ నెల ఖర్చు పది రూపాయలని కాదు గదా!

ఒక రాత్రి మా అల్లుడు వాడి నోటుబుక్కు తీసి చూశాడు. రోజుకు ఒక చిటికెడు మేత అని వరసగా రాసివుంది. "ఒక్క చిటికెడుకు యింత నాచు రాదు. రాసేదొకటి, చేసేదొకటి అన్నమాట. డిసెంబరు సెలవులలోగా యిది బాగుపడకపోతే యెవరికైనా యిచ్చేద్దాం. చెత్త పెరిగినా సహిస్తాను గాని, అబద్ధం సహించను" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాడు. పిల్లవాడు మాట మీద నిలబడాలనే ఆయన ఆరాటం. పిల్లవాడు, "నేను అబద్ధం రాయలేదు" అని ఒక్కమాట అని మేడమీదికి వెళ్లిపోయాడు.

నేను ఆ గదిలోనే వున్నాను. చేతిలో పత్తి వుంది, వత్తులు చేస్తున్నాను. నోరు పెగలలేదు. అల్లుడి యెదుట చిన్నతనమవుతుందనిపించింది. మూడు రోజులు అలాగే గడిచింది. ఆ మూడు రోజులూ వాడు అన్నం ముందు కూర్చుని నాన్నవైపు చూసేవాడు కాదు. నాలుగోనాడు రాత్రి, అందరూ వున్నప్పుడే, "వాడు రాసింది నిజం. తక్కిన మూడు చిటికెలూ నావి" అని చెప్పేశాను. మా అమ్మాయి నవ్వబోయి నా మొహం చూసి ఆగింది. అల్లుడు లేచి వెళ్లి కొడుకు భుజం మీద చెయ్యివేశాడు. మనవడు నన్నొక్క మాట అనలేదు. "అమ్మమ్మా, వాటి పొట్ట వాటి కన్నంత వుంటుంది" అని మాత్రం అన్నాడు. ఆ మాట నాకు బాగా తగిలింది.

నేను వేసిన మేతలో తిన్నది కొంత, రాళ్ల వెనక్కి పోయి కుళ్లింది కొంత. తిన్నది కూడా యెక్కడికి పోతుంది? పెట్టెలోనే వుంటుంది. నైట్రేటులో కొంతను గాలి సోకని గుల్లల్లోని బాక్టీరియా నత్రజని వాయువుగా మార్చి పైకి పంపిస్తుంది. ఫాస్ఫేటుకు ఆ దారీ లేదు. సున్నపురాళ్లు దాన్ని పీల్చుకుని దాచుకుంటాయి. నీళ్లలో తగ్గినప్పుడల్లా మళ్లీ వదులుతాయి. అప్పు తీరిపోయిందనుకున్న తరవాత వడ్డీ వచ్చినట్టు వస్తూనే వుంటుంది.

అప్పుడొక సలహా కూడా యిచ్చాను. "రాళ్లు తీసి గంగాళంలో వేసి వుడకబెడితే పోదూ?" అని. మనవడు కేక పెట్టినంత పని చేశాడు. ఆ రాళ్లమీద బొత్తాల్లా వుండే జోయాంథిడ్ పగడాలున్నాయి. వాటిలో కొన్నిటికి పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషముంటుంది. అటువంటి రాళ్లు వుడకబెట్టి, ఆ ఆవిరి పీల్చి యిళ్లకు యిళ్లే ఆస్పత్రుల పాలయిన సంఘటనలున్నాయి. యిది చదివే వారిలో యెవరి పిల్లలైనా విదేశాల్లో యిలాంటి పెట్టెలు పెట్టివుంటే, యీ ఒక్క సంగతి తప్పక చెప్పండి.

ఆదివారాలు వాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని సముద్రాల కథలు చదివి వినిపించేవాడు. హవాయి ద్వీపాల్లో కనియోహే అనే అఖాతం వుంది. అందులోకి యేళ్ల తరబడి మురుగునీరు వదిలారు. పచ్చటి బుడగల నాచు పెరిగి పగడాలను కప్పేసింది. 1977-78లో ఆ మురుగును లోతు సముద్రంలోకి మళ్లించారు. తరవాత కొన్నేళ్లలో నాచు తగ్గి పగడాలు తేరుకున్నాయి. జమైకాలో కథ వేరు. అక్కడ నాచును మేసే చేపల్ని మనుషులు పట్టుకు తినేశారు. మిగిలిన మేతగాళ్లు సీ అర్చిన్లనే నల్లటి ముళ్లబంతులు. 1983లో యేదో తెగులు వచ్చి అవి కూడా దాదాపుగా తుడిచిపెట్టుకుపోయాయి. 1977లో సముద్రపు అడుగున నూటికి 52 పాళ్లున్న పగడం 1990ల మొదటికి 3 పాళ్లయింది. నాచు 4 నుంచి 92 పాళ్లకు పెరిగింది. "చూశావా, అమ్మమ్మా! పెట్టేది తగ్గాలి, తినేవాళ్లు వుండాలి. రెండూ కావాలి" అన్నాడు.

తెలిసిందంతా సరే గాని, వాడి మనసులో డిసెంబరు గడువు వుంది. మేత ఒక్కపూటకు తగ్గించడం, దీపం పదకొండు గంటలనుంచి యెనిమిదికి తగ్గించడం, వారానికి పదోవంతు నీళ్లు మార్చడం, మరి నాలుగు నత్తల్ని తేవడం. యింతవరకు చేసి వూరుకుంటే సరిపోయేది. వాడు వూరుకోలేదు. ఫాస్ఫేటును పీల్చే యినుపగుళికలు రెట్టింపు వేశాడు. రోజు విడిచి రోజు మూడుసార్లు సగం నీళ్లు మార్చాడు. చేపలకు మూడు రోజులకొకసారి మేత. నవంబరు మూడోవారానికి నాచు తెల్లబడి రాలిపోయింది. నైట్రేటు సున్న, ఫాస్ఫేటు సున్న. యింట్లో పండగే.

ఆ పండగ పదిరోజులే. యిసుకమీద గోధుమరంగు జిగురు కనపడింది. పొద్దున్న పలచగా, సాయంత్రానికి దట్టంగా, తీగలు తీగలుగా, మధ్య గాలిబుడగలతో. నాలుగు నత్తలు బోర్లాపడి చచ్చాయి. పుట్టినరోజు డబ్బుతో కొన్న సుత్తి పగడం, వాడి పెట్టెకల్లా అందమైనది, రోజురోజుకూ పాలిపోయి, చివరికి మాంసం వూడి తెల్లటి యెముకలా మిగిలింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. అంత పెద్ద పిల్లవాడు యేడవడం నేనదే చూడడం.

ఆ జిగురు బొట్టొకటి సీసాలో పట్టుకెళ్లి బడిలో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడట. గుంజకు కట్టేసిన దూడల్లాగా ఒక్కచోటే గిరగిర తిరుగుతున్నాయట జీవులు. డైనోఫ్లాజెలేట్లనే జాతి. వీటిలో కొన్నిటికి విషముంది. తక్కినవన్నీ ఆకలితో మాడేచోట యివి తెగిస్తాయి. మేత యెక్కువైతే పచ్చనాచు. బొత్తిగా లేకపోతే యీ గోధుమజిగురు! సముద్రంలో తేలే సూక్ష్మజీవుల్లో నత్రజని 16 పాళ్లకు భాస్వరం ఒక పాలు వుంటుందని ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ అనే శాస్త్రజ్ఞుడు గమనించాడు. రెండూ అందరికీ కావలసినవే. పగడానికీ కావాలి. అసలు సముద్రంలో యివి యింకా తక్కువే వుంటాయి గాని, అక్కడ అల వచ్చినప్పుడల్లా మేత వస్తుంది. గాజుపెట్టెకు అల యేదీ? అంచేతనే యిలాంటి పెట్టెల్లో నైట్రేటు 5 నుంచి 10, ఫాస్ఫేటు 0.03 నుంచి 0.1 వరకు వుండనిస్తారు.

డిసెంబరు సెలవులు వచ్చేనాటికి పెట్టె అన్నిటికన్నా అధ్వాన్నంగా వుంది. గడువు సంగతి వాడు యెత్తలేదు. అల్లుడూ యెత్తలేదు. నేనే యెత్తాను. "బాబూ, ఆవకాయ మూడోనాడు మూత తీసి, వూరలేదని పారబోస్తామా? నేను మార్చిలో వెళతాను. అంతవరకు వుంచండి. దీని ఆరోగ్యం చెడగొట్టిన వాటా నాదీ వుంది" అన్నాను. ఆయన నవ్వి, "సరే, అత్తయ్యగారూ. నేనూ గొట్టం పట్టుకుంటాను" అన్నాడు. పట్టుకున్నాడు కూడా. ఆ సెలవుల్లో తండ్రీ కొడుకులు చేతులకు తొడుగులేసుకుని, జిగురును గొట్టంతో లాగి, గుడ్డలో వడపోసి, అదే నీరు మళ్లీ పోసేవారు. కొత్త నీరు వద్దన్నమాట. యినుపగుళికలు తీసేశారు. మేత రోజుకు రెండుపూటలు చేశారు. రాత్రిళ్లు ఆ జీవులు రాళ్లు వదిలి నీళ్లలోకి తేలుతాయని, నీరు వెళ్లే దారిలో అతినీలలోహిత దీపం పెట్టారు. స్నేహితుడి యింట్లో నాలుగేళ్లుగా నడుస్తున్న పెట్టెనుంచి ఒక రాయీ, గుప్పెడు యిసుకా తెచ్చి తోడు వేశారు.

జనవరి నెలాఖరుకు జిగురు పోయింది. ఫిబ్రవరిలో రాళ్లమీద అక్కడక్కడ గులాబీ, వూదా కలిసిన మచ్చలు వచ్చాయి. అదీ నాచేనట, సున్నంతో గట్టిపడి రాతికి పూతలా పడుతుంది. అది పట్టిన చోట వెంట్రుకనాచుకు తావుండదు. మిగిలిన పగడాలు మళ్లీ విచ్చుకున్నాయి. ఒక మూల కాస్త పచ్చనాచు మిగిలే వుంది. పీకవేమిరా అంటే, "నత్తలకు వుండనీ" అన్నాడు. నాలుగు నెలల కిందట వాడు ఆ మాట అనేవాడు కాదు.

చదివిన వారిలో యెవరికైనా యిక్కడే ఒక సముద్రం పెట్టుకుందామని సరదా పుట్టవచ్చు. మన దేశంలో రాతిపగడాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ పొందినవి. వాటిని సముద్రంలోంచి తియ్యడం, అమ్మడం, కొనడం నేరం. మనవడి దగ్గరవి పెట్టెల్లోనే పెంచి, ముక్కలుగా కోసి అమ్మినవి. మనవాటిని మన్నారు సింధుశాఖలోనో, అండమాన్‌లోనో, లక్షద్వీపాల్లోనో వున్నచోటనే వుండనిద్దాం.

మార్చిలో బయలుదేరేముందు వాడు నాకొక పని వొప్పగించాడు. మేత వేసే చిన్న చెంచా నా చేతికిచ్చి, "యివాళ నువ్వు వెయ్యి, అమ్మమ్మా" అన్నాడు. చెంచాకు సగానికి గీత గీసివుంది. ఆ గీతదాకానే తీశాను. బుచ్చమ్మ ముందు తిన్నది, బుచ్చయ్య తరవాత. యింకాసేపు గాజుకు మూతులానించి నావైపు చూశాయి. నేను చెంచా కడిగి బల్లమీద పెట్టేశాను.

కాకినాడ వచ్చాక కూడా ఆదివారం పొద్దున్నే ఫోను మోగుతుంది. అందరి కుశలమూ అయ్యాక వాడు తన నోటుబుక్కు చదువుతాడు: "నైట్రేటు 8, అమ్మమ్మా. ఫాస్ఫేటు 0.06." నేను కాలెండరు మీద రాసుకుంటాను. పక్కనే నా చక్కెర అంకె కూడా వుంటుంది. అదీ వాడికి చదివి వినిపించాలి, వూరుకోడు. పోయిన వారం నాది కాస్త యెక్కువుంది. "యెన్ని చిటికెలు తిన్నావు?" అని అడిగాడు.

వుంటాను మరి. పైవారం ఉత్తరాలకు జవాబులు.